పాత బైనాక్యులర్‌కు దిక్కెవరు?

మా బడి సైన్సు గదిలో 8×30 బైనాక్యులర్ ఒకటి ఉంది. 8 అంటే దూరపు వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని, 30 అంటే ముందున్న వస్తు కటకం వ్యాసం 30 మిల్లీమీటర్లని అర్థం. ఏళ్ల తరబడి నా విద్యార్థులు దానితో చెరువులోని కొంగలనూ, చంద్రుని మీది గుంటలనూ చూశారు. ఒకనాడు అది బల్ల మీది నుంచి కింద పడింది. అప్పటి నుంచి కొమ్మ మీద ఒక కాకి ఉంటే రెండు కాకులు కనిపిస్తున్నాయి!

ఎందుకిలా? వస్తు కటకం ప్రతిబింబాన్ని తలకిందులుగా ఏర్పరుస్తుంది. దానిని నిటారుగా తిప్పడానికి ఒక్కొక్క గొట్టంలో రెండేసి గాజు పట్టకాలు ఉంటాయి. ఇటలీ దేశస్థుడు ఇగ్నాజియో పోరో 1854లో ఈ అమరికకు పేటెంటు పొందాడు. పట్టకాలలో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది. ఒక్క పట్టకం వెంట్రుకవాసి కదిలినా రెండు గొట్టాల చూపు సమాంతరంగా ఉండదు. తేడా కొద్దిగా ఉంటే కళ్లు సర్దుకోబోయి అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది. ఎక్కువైతే బొమ్మ రెండుగా కనిపిస్తుంది.

దీనిని సరిచేయాలంటే కొలిమేటర్ అనే పరికరం, అనుభవమున్న చెయ్యి కావాలి. అందుకే తయారుచేసిన కంపెనీకే ఉత్తరం రాశాను. ఆ నమూనా ఆపేశామనీ, కొత్తది కొనుక్కోమనీ జవాబు వచ్చింది.

ఇది న్యాయమా? కటకాలు పగల్లేదు, గొట్టాలు వంగలేదు. ఇంత మంచి పరికరాన్ని పారేయమనడం సైన్సు అనిపించుకోదు. విడిభాగాలను యాభై ఏళ్లు నిల్వ ఉంచడం కంపెనీకి భారమే, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు దాని పటాలు, కొలతలు, విప్పే పద్ధతి అందరికీ ఇచ్చేయాలి. అప్పుడు మన పట్నంలోని మెకానిక్కే నేర్చుకుని బాగుచేస్తాడు. మన ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాల రంగాలను ముందుగా ఎంచుకుంది. బడిలోని పరికరాలకూ ఆ హక్కు ఉండాలని నా అభిప్రాయం.

మీ ఇంట్లో పాత బైనాక్యులర్ ఉంటే స్క్రూడ్రైవరుతో విప్పకండి. పట్టకాలు కదిలితే తిరిగి అమర్చడం మీ వల్ల కాదు. చెమ్మ తగిలితే కటకాలకు బూజు పడుతుంది కనుక డబ్బాలో సిలికాజెల్ పొట్లం వేసి ఉంచండి. చెడిపోతే ముందు కంపెనీకి రాయండి. లేదన్నా మళ్లీ రాయండి. అడిగేవాళ్లు పెరిగితేనే ఇచ్చేవాళ్లు కదులుతారు.

నేను రెండో ఉత్తరం రాశాను. అంతవరకు మా పిల్లలు ఒక కన్ను మూసుకుని, ఒక్క గొట్టంతోనే చంద్రుణ్ణి చూస్తున్నారు.