‘సంభాల్ లేంగే’

పోయిన జుమా నమాజ్ అయ్యాక కరణ్‌కోటలో మా మామూ ఇంటి ముందు బండ అరుగు మీద కూర్చున్నాం. మామూ కొడుకు, నాకంటే పదేళ్లు చిన్నోడు, పక్క జాగాలో ఇల్లు మొదలుపెట్టాడు. పునాది గుంతలు తవ్వి ఉన్నాయి. ఒక మూల తాండూరు బండలు, ఇంకో మూల సిమెంటు బస్తాలు. ఆ ఊళ్లో సిమెంటుకేం కరువు, సీసీఐ ఫ్యాక్టరీ ఊరి పక్కనే ఉంది. రాయి ఇక్కడిదే, సిమెంటు ఇక్కడిదే, మేస్త్రీ ఇక్కడివాడే. “పర్మిషన్ సంగతేంటిరా?” అనడిగాను. నవ్వాడు. “సంభాల్ లేంగే భాయీజాన్.”

ఈ మాట మీద నాకు చాలా కాలంగా గుస్సా. మన ఇళ్లల్లో నిఖా తేదీ ఖరారు చేయడానికి పది మందిని అడుగుతాం. బోరు ఎక్కడ వేయాలో అడుగుతాం. జీవితాంతం కూడబెట్టిన పైసలు పోసి కట్టే ఇంటికి మాత్రం ఇజాజత్ ఎవరినీ అడగం. ఎవరైనా వచ్చి అడిగితే సంభాళిస్తాం. సంభాళించడమంటే ఏంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కవరు.

నాకు ఎలా తెలుసో చెప్పకపోతే ఈ రాత మునాఫిఖత్ అవుతుంది. నాలుగేళ్ల కింద మా దూలాభాయ్ ఒక ఊళ్లో ఇల్లు కట్టాడు. ఊరి పేరు రాయను. ఎనభై గజాల జాగా, వాళ్ల అబ్బా నోటి మాటగా హిబా చేసింది. కాగితాల్లో ఇంకా తాత పేరే. లోపల జాగా చాలక మెట్లు బయటికి తీశాడు, గల్లీలోకి మూడడుగులు. ఎవరో వచ్చి పని ఆపమన్నారు. మధ్యలో ఒక దలాల్ దిగాడు, ముప్పయి వేలన్నాడు. దూలాభాయ్‌కి తెలుగు చదవడం రాదు, నాకొచ్చు. పైగా నేను పత్రికవాణ్ని, నన్ను చూస్తే పని తొందరగా అవుతుందని ఆపా అనుకుంది. ఆ కవరు తీసుకెళ్లి ఇచ్చింది నేనే. రసీదు లేదు, సంతకం లేదు. స్లాబు పడింది, దావత్ తిన్నాం.

ఏడాదికి ఆ మనిషి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన మళ్లీ నోటీసు పంపాడు. పాతాయనకు ఇచ్చామని ఎవరితో చెప్పుకుంటాం? రెండో కవరు. ఆ తర్వాత గల్లీలో ఒక ముసలమ్మ ఇంతెఖాల్ అయింది. జనాజా డోలా ఆ మెట్ల దగ్గర మలుపు తిరగలేదు. మోసేవాళ్లు డోలాను పక్కకు వంచి, అందరూ “లా ఇలాహ ఇల్లల్లాహ్” అంటూ ఉంటే, గోడకు రాసుకుంటూ తీసుకెళ్లారు. ఆమె కొడుకు ఆ రోజు ఏమీ అనలేదు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక ఫిర్యాదు పెట్టాడు. మెట్లు కొట్టేశారు. అరవై వేలూ పోయాయి, మెట్లూ పోయాయి, పొరుగింటి సలామూ పోయింది. దారిలో అడ్డం తీసేయడం ఈమాన్‌లో ఒక షాఖ్ అని మనం పిల్లలకి నేర్పుతాం. మేం మూడడుగుల అడ్డం సిమెంటుతో కట్టి, దానికి కవరుతో కాపలా పెట్టాం.

అప్పట్లో నాకు నేను చెప్పుకున్న తసల్లీ ఒకటుంది. మీరూ వినే ఉంటారు. “మన హక్కు కోసం తప్పనిసరై ఇస్తే గునాహ్ తీసుకున్నవాడిదే.” ఉలమాలు ఈ మాట చెప్పింది జుల్మ్ తప్పించుకోవడానికి, మన హక్కు మనకు దక్కించుకోవడానికి. గల్లీ మన హక్కా? మెట్లకు పక్కోళ్ల దారి తీసుకోవడం హక్కా? రాషీ మీద, ముర్తషీ మీద, ఇద్దరి మీదా లానత్ అని హదీసులో ఉంది. మనం రెండో మాటే గట్టిగా చదువుతాం. సర్కారుకు ఆ మొదటి మాట చాలా ఆలస్యంగా అర్థమైంది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని మార్చి, లంచం ఇచ్చినవాడికి కూడా ఏడేళ్ల వరకు జైలు అని రాశారు. బలవంతం చేస్తే ఇచ్చినవాడికి ఒక దారి ఉంచారు: ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసుకో ఏసీబీకో చెప్పాలి. ఏసీబీ నంబరు 1064, ఫోన్‌కి పైసా ఖర్చు లేదు. మేం ఏడు రోజులు కాదు, రెండేళ్లు నోరు మూసుకున్నాం. చట్టం ముందు మేమూ ముజ్రిమ్‌లమే.

ఇక బుల్డోజర్ సంగతి. 2022 ఏప్రిల్‌లో జహాంగీర్‌పురీ, ఖర్గోన్ చూసినప్పటి నుంచి మన ఇళ్లల్లో ఈ భయం ఉంది. భయం నిజమే. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. కనీసం పదిహేను రోజుల నోటీసు లేకుండా, ఇంటివాడి మాట వినకుండా, కారణాలు రాయకుండా కూల్చడానికి వీల్లేదంది. మనవాళ్లు ఆ తీర్పును వాట్సాప్‌లో ముబారక్‌బాద్‌లతో పంచుకున్నారు. కానీ ఎంతమంది ఆఖరిదాకా చదివారు? రోడ్డు, గల్లీ, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క జాగా, నది, చెరువు — వీటి మీద కట్టినవాటికి ఆ రక్షణ వర్తించదని అందులోనే ఉంది. అంటే మన మూడడుగుల మెట్లకు సుప్రీంకోర్టు కూడా అడ్డం రాదు. జుల్మ్ చేయదలచుకున్నవాడి చేతికి గొడ్డలి ఇచ్చి, కామా మీద సంతకం కూడా మనమే పెట్టిస్తున్నాం.

సర్కారు మాత్రం సాఫ్‌గా ఉందా అంటే, లేదు. తాండూరు మున్సిపాలిటీలో 75 గజాల్లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకునే గరీబుకి 2020 నాటి టీఎస్‌బీపాస్ చట్టం పర్మిషన్ అక్కర్లేదంది, ఒక్క రూపాయితో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలంది. అదే గరీబు మున్సిపాలిటీ హద్దు దాటి పల్లెలో ఉంటే? పంచాయతీ. 300 చదరపు మీటర్ల జాగా, పది మీటర్ల ఎత్తు దాటకపోతే అక్కడే అయిపోవాలి. అయిపోవాలంటే సెక్రటరీ ఊళ్లో ఉండాలి, నక్షా గీసేవాడు దొరకాలి, జాగా కాగితం ఉండాలి. 2024 ఫిబ్రవరిలో సర్పంచ్‌ల మీయాద్ ముగిశాక చాలా కాలం స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. పట్నంలో ఒక రూపాయి, పల్లెలో పది తిరుగుళ్లు! పల్లెవాడి ఇల్లు ఇల్లు కాదా? ఈ ప్రశ్న మన లీడర్లలో ఒక్కరూ అడగరు. ఇఫ్తార్ దావత్‌లో టోపీ పెట్టుకోవడానికి మాత్రం వస్తారు.

ఇంకో సంగతి చెప్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఆ ఆఫీసులో మాటలన్నీ మనవే. దరఖాస్తు, దస్తావేజు, రసీదు, నక్షా, రకబా, మౌజా, ఆబాదీ, తహసీల్దార్. సర్పంచ్‌లో ‘సర్’ కూడా ఫార్సీయే. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ని కాబట్టి, అటు షికస్తా రాతలో ఉన్న పాత బైనామాలూ, ఇటు తెలుగు నోటీసులూ రెండూ చదువుకుంటాను. మా మామూలు, చాచాలు నా దగ్గరికి కాగితాల మూటలు తెస్తారు. మాటలు మనవి, కాగితాలు మాత్రం మన పేరు మీద లేవు. తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో తాలూకా. తర్వాత హైదరాబాదు జిల్లా, 1978లో రంగారెడ్డి, 2016 అక్టోబర్‌లో వికారాబాద్. ఇల్లు ఉన్నచోటే ఉంది, జిల్లా మూడు సార్లు మారింది. ప్రతి మార్పుకీ ఒక రికార్డు ఎక్కడో మిగిలిపోయింది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. మంచిదే. నేను చదివి వినిపించిన నోటీసుల్లో ఒక్కటైనా ఉర్దూలో లేదు.

ఇదంతా సర్కారు తప్పు. కానీ మా మామూ కొడుక్కి కాగితం లేకపోవడానికి అసలు కారణం సర్కారు కాదు. ఇది రాయడం కష్టంగా ఉంది, ఖాన్‌దాన్‌లో నాతో మాటలు బంద్ అవుతాయేమో.

ఆ జాగా మా నానా పేరు మీద ఉంది. నానా పోయి ఇరవై రెండేళ్లు. విరాసత్ ఎందుకు చేయించలేదని మామూని అడిగితే, ముందు ఆఫీసోళ్లను తిట్టాడు, తర్వాత మీసేవను తిట్టాడు, చివరికి గొంతు తగ్గించి “బెహనోంకే దస్తఖత్ చాహియే నా బేటా” అన్నాడు. అదీ సంగతి! కాగితం కదిపితే అమ్మీ పేరూ, ఖాలా పేరూ పైకొస్తాయి. సూరె నిసాలో అల్లాహ్ రాసిపెట్టిన హిస్సా, కొడుక్కి వచ్చేదాంట్లో సగం. అది ఇవ్వాలి, లేదా వాళ్లు ఖుషీగా వదులుకున్నట్టు రాయించుకోవాలి. ఇవ్వడం ఇష్టం లేదు, అడగడానికి షరమ్. కాబట్టి కాగితమే వద్దు. కాగితం లేదు కాబట్టి పర్మిషన్ లేదు. పర్మిషన్ లేదు కాబట్టి కవరు. బెహన్‌కి ఇవ్వాల్సిన హిస్సా దలాల్ జేబులోకి పోతోంది. ముస్లిం ఇళ్లల్లో అక్రమ కట్టడాల గురించి మాట్లాడేవాళ్లెవరూ ఈ మాట మాట్లాడరు.

హిబా కూడా అంతే. నోటి మాట హిబా మన షరీఅత్‌లో చెల్లుతుంది, దేశ చట్టమూ ఒప్పుకుంది. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ మన హిబాను వదిలేసింది, 2011లో సుప్రీంకోర్టు కూడా హిబా కాగితం రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదంది. కానీ ఈజాబ్, ఖుబూల్, ఖబ్జా మూడూ జరిగాయని సాక్ష్యం ఉండాలిగా! ఇచ్చిన అబ్బా పోయాక, సాక్షులూ పోయాక, పంచాయతీ సెక్రటరీ మన నోటి మాట ఎందుకు నమ్మాలి? అప్పు రాసుకోండి, ఇద్దరు సాక్షులను పెట్టుకోండి అని ఖుర్ఆన్‌లో అతి పొడుగాటి ఆయత్ ఉంది మనకు. రాత మనకు కొత్త కాదు, మనమే వదిలేశాం.

“మన దగ్గర రాసుకుంటే ఇంటి ముచ్చట బజారున పడుతుంది” అని ఒక పెద్దాయన నాతో వాదించారు. మెట్లు కొట్టేసిన రోజు బజారంతా చూసింది కదా చాచా?

ఈ నష్టం బుల్డోజర్‌తోనే ఆగదు. ఇందిరమ్మ ఇల్లు 5 లక్షలు, మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్లకే అన్నారు. సొంత జాగా అని చూపించేదేంటి? బ్యాంకు లోను అడిగితే ముందు మంజూరైన ప్లాను తెమ్మంటాడు. అది లేనివాడు వడ్డీకి తెస్తాడు. సూద్ హరామని వాజ్ విని వచ్చి, కాగితం లేక నెలకి నూటికి మూడు చొప్పున తెచ్చిన ఇళ్లు నేను చూశాను. ఊరి బయట సర్వే నంబర్లలో ప్లాట్లు కొన్నవాళ్ల కథ ఇంకో రకం. వ్యవసాయ భూమిని ఇంటి జాగాగా మార్చారా లేదా చూడరు, లేఅవుట్‌కి అనుమతి ఉందా అడగరు. 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లలో మనవాళ్లు తక్కువేం లేరు.

మసీదు కమిటీల పెద్దలకూ ఒక మాట. “అల్లాహ్ ఇంటికి పర్మిషనేంటి” అని పై అంతస్తు వేసేవాళ్లు ఉన్నారు. అల్లాహ్ ఇంటికి అక్కర్లేకపోవచ్చు. రేపు ఫిర్యాదు వచ్చినప్పుడు కోర్టు మెట్లెక్కేది మాత్రం మీరు, చందా ఇచ్చేది గరీబు. ఏడాదికి ఒక్క జుమా బయాన్‌లో విరాసత్ కాగితం గురించి చెప్పమనండి ఇమామ్ సాబ్‌ని. జకాత్ లెక్క చెప్పినంత వివరంగా.

ఆఫీసు మన దరఖాస్తు మీద కూర్చుంటే? కవరు తప్ప దారి లేదన్నది దలాల్ చెప్పే మాట. సమాచార హక్కు కింద రాసివ్వండి: నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గర ఉంది, ఎందుకు ఆగింది. ముప్పయి రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దీనికి ఫీజే లేదు, మండలంలో ఐదు రూపాయలు. నేను పత్రికలో ఎన్నో ఆర్‌టీఐలు వేశాను, దూలాభాయ్ కోసం మాత్రం ఒక్కటీ వేయలేదు. కవరు దగ్గరి దారి అనిపించింది.

ఆ జుమా సాయంత్రం టేపు తెప్పించాను. మామూ కొడుకు గుంతలు కొలిచాం. మెట్ల గుంత గల్లీలోకి రెండున్నర అడుగులు వచ్చింది. వాడు కాసేపు గింజుకున్నాడు, అంతకుముందు కట్టినోళ్ల అరుగులన్నీ చూపించాడు. నేను డోలా సంగతి చెప్పాను. మామూ లోపలికెళ్లి అమ్మీకి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఫోన్ మాత్రం మగ్రిబ్ అజాన్ దాకా నడిచింది. ఆదివారం అమ్మీ, ఖాలా ఇద్దరూ కరణ్‌కోటకు వస్తున్నారు. వాడు పనివాళ్లని ఆపాడు. మెట్ల గుంత పూడ్చాడు.