రాజ్యాంగానికి ఏ పుస్తకం కొనాలి?

ఊళ్ళో తమ్ముళ్ళు ఎల్‌ఎల్‌బీలో చేరినా, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా మనల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, రాజ్యాంగానికి ఏ పుస్తకం కొనాలె?" సాఫ్ట్‌వేర్ వాడికి అన్నీ తెలుసని వాళ్ళ నమ్మకం! మనమేమో నెట్లో వెతికి ఐదారు పేర్లు పంపేసి, వీలైతే డబ్బులు కూడా పంపేసి చేతులు దులుపుకుంటాం. నా మటుకు నాకు అది సాయం అనిపించదు. ఐదు పుస్తకాలు కొన్నవాడు పీఠికని ఐదుసార్లు చదువుతాడు, 371-డి దాకా ఒక్కసారి కూడా రాడు.

నేనైతే పేరు చూసి కాదు, సొంత జిల్లా ప్రశ్నలతో పరీక్షించి కొనమంటాను. షాపులో నిలబడి పది నిమిషాల్లో చూసుకోవచ్చు.

మొదటి పరీక్ష 371-డి. 1973లో 32వ సవరణతో వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి, అంతకుముందు వీటిలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లాయే. 371-డి కింద 2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులతో జనగామ యాదాద్రి జోన్లోకి, మానుకోట భద్రాద్రి జోన్లోకి, భూపాలపల్లి కాళేశ్వరం జోన్లోకి వెళ్ళిపోయాయి. లోకల్ కేడర్‌లో నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. అంటే ఒకప్పుడు ఒకే జిల్లా వాళ్ళైన ముగ్గురు స్నేహితులు ఇవాళ జోనల్ పోస్టుకి మూడు చోట్ల స్థానికులు. ఈ సంగతిని రెండు లైన్లలో తేల్చేసే పుస్తకం మనవాడికి పనికిరాదు.

రెండోది ఐదో షెడ్యూల్. మానుకోట జిల్లా కొత్తగూడ వైపు '1/70' అంటే తెలియనివాళ్ళు అరుదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టమది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2020లో, ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని కొట్టేసింది. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కి ఉన్న అధికారం ప్రాథమిక హక్కుల్ని దాటిపోలేదంది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ షెడ్యూల్ బలమెంతో, హద్దెక్కడో రెండూ తెలుస్తాయి.

మూడోది ఎడిషన్. ఎస్సీ వర్గీకరణ చెల్లదన్న 2004 నాటి చిన్నయ్య తీర్పుని 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం పక్కనపెట్టింది. అంతకుముందు అచ్చైన సెకండ్ హ్యాండ్ పుస్తకం చవగ్గా దొరికిందని కొంటే, డెప్రికేట్ అయిన ఏపీఐకి కోడ్ రాసినట్టే.

ఇక పేర్లంటారా? గ్రూప్స్ వాళ్ళకి, కొత్తవాళ్ళకి స్థూలంగా అర్థం కావడానికి లక్ష్మీకాంత్ చాలు. లా చదివేవాళ్ళు ఎం.పి. జైన్, వి.ఎన్. శుక్లా ఈ రెండిట్లో ఒక్కటి తీసుకోండి. ఎవరికైనా బేర్ యాక్ట్ తప్పనిసరి. తెలుగు మీడియం వాళ్ళు తెలుగు పాఠాన్ని పక్కన పెట్టుకుని ఇంగ్లీష్ చదివితే భయం తగ్గుతుంది.

చదివే పద్ధతి మనకి అలవాటైనదే. డాక్యుమెంటేషన్ కంటే ముందు సోర్స్ కోడ్ చూడాలి. ముందు అధికరణం చదివి, దాని అర్థమేంటో సొంతంగా ఊహించండి. తరవాత పుస్తకం, ఆ తరవాత తీర్పు. తీర్పులు సుప్రీంకోర్టు సైట్లో ఉచితంగానే దొరుకుతాయి. చివరికి అన్నీ మూసేసి అరపేజీ రాయండి: ఏం జరిగింది, కోర్టు ముందున్న ప్రశ్నేంటి, ఏ అధికరణం, ఏం తేల్చారు. రాయలేకపోతే చదవనట్టే లెక్క.

"మార్కులొస్తే చాలు కదా, ఇంత అవసరమా?" అనొచ్చు. 2021లో జీవో 317తో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకి, జోన్లకి సర్దినప్పుడు ఎన్ని ఇళ్ళలో గొడవైందో మనకి తెలుసు. అలాంటి కాగితం చేతికొచ్చిన రోజున ఏ గైడూ పక్కన ఉండదు. ఉత్తర్వు ఏ అధికరణం కింద వచ్చిందో వెతికి, ఎవరిని ఏమని అడగాలో తెలిసినవాడు ఇంట్లో ఒక్కడైనా ఉండాలి.