‘1984’ మన తాతలకి ముందే తెలుసు



ఈమధ్య మన కుర్రాళ్ల స్టేటస్‌లలో జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ తెగ కనిపిస్తోంది. ఇంట్లో మనిషిని కనిపెట్టే తెర, గోడ గోడకీ బిగ్ బ్రదర్ బొమ్మ. కింద ఒక మాట: "రేపు మనకీ ఇదే గతి."

రేపేంటి తమ్ముడూ? మన తాతలు అది అనుభవించే పోయారు.

1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకలోళ్లని ఆ జాబితాలో ఎక్కించారు. దొంగతనం చేశాడా లేదా అని అడిగిందెవరు? ఎరుకల ఇంట పుట్టాడు, చాలు. రిజిస్టర్‌లో పేరు, వేలిముద్ర, చెప్పిన వేళకి హాజరు, ఊరు కదిలితే ముందే కబురు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా కట్టిన సెటిల్‌మెంటే. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. అనుమానం మాత్రం రద్దవలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్‌కి అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది.

ఇంకో సంగతి. ఆర్వెల్ 1922 నుంచి 1927 దాకా బర్మాలో ఇదే సామ్రాజ్యానికి పోలీసు ఆఫీసరు. నిఘా ఎలా ఉంటుందో లాఠీ పట్టుకుని నేర్చుకున్నాడు. మనవాళ్లు ఆ లాఠీ కింద నేర్చుకున్నారు. ఆయన పుస్తకం రాశాడు. మనది రాసినవాళ్లు తక్కువ.

ఆ నవలలో మామూలు జనం పాడుకునే పాటల్ని కూడా యంత్రమే తయారుచేస్తుంది. మనిషి కట్టిన పాట ఏ గుమ్మంలోకి పోతుందో, ఎవరిని లేపుతుందో సర్కారుకి అంతుపట్టదు కదా! తెల్లదొరతనం వద్దని పాట కట్టినందుకు గరిమెళ్ల సత్యనారాయణని జైల్లో వేశారు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మరి బుట్ట చంకన పెట్టుకుని, రాగం తీస్తూ ఊరూరా ఎరుక చెప్పే మన అవ్వ సంగతేంటి? మొగుడి పేరు రిజిస్టర్‌లో ఉంటే ఆవిడ ఏ ఊరికని వెళ్తుంది? ఆ పాటని నిషేధించడానికి వేరే ఉత్తర్వు అక్కర్లేకపోయింది. కాళ్లు కట్టేస్తే పాట అదే ఆగింది.

ఇప్పుడు మన కోనసీమకి రండి. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. తగలబెట్టినవాళ్లని పట్టుకోవాల్సిందే. అంబేడ్కర్ పేరు ఉండాల్సిందే. ఈ రెండిట్లో నాకు తేడా లేదు. కానీ ఆ తర్వాత దాదాపు రెండు వారాలు ఇంటర్నెట్ ఆపేశారు. సిగ్నల్ కోసం సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్లెక్కారు. వాళ్లకి బండి ఉంది, పెట్రోలు ఉంది. ఫోన్‌పేలో కూలి డబ్బులు పడాల్సిన మనిషి ఏ గట్టెక్కాలి? నిప్పు పెట్టింది ఒకరు, నోరు కట్టింది అందరికీ. అంబేడ్కర్ పేరు కోసం మాట్లాడాల్సిన మన నోరు కూడా అందులోనే పోయింది.

"శాంతి కోసమే కదా" అంటారు. ఆ రిజిస్టర్ కూడా శాంతి కోసమనే పెట్టారు మరి! 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకి రెండుసార్లు ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. దొంగ మస్తర్లు ఆపడానికట. నెట్‌వర్క్ లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి సాక్ష్యమేది? అప్పుడూ ఇప్పుడూ నిరూపించుకోవాల్సింది మనమే.

కాబట్టి స్టేటస్‌లు పెట్టి ఊరుకోకండి. ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వుని బయటపెట్టాలని, గడువు లేకుండా ఆపకూడదని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది. నిబంధనల ప్రకారం కమిటీ దాన్ని సమీక్షించాలి. రాజోలులోనో కొత్తపేటలోనో మళ్లీ సిగ్నల్ పోతే మొదటి రోజే అడగండి: ఉత్తర్వు ఏది? గడువు ఎంత? సమీక్ష చేసిందెవరు? సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.

ఇంకో పని ఈ రాత్రికే చేయొచ్చు. ఇంట్లో అవ్వ ఉంటే ఎరుక పాట పాడించి రికార్డు చేయండి. తాత ఉంటే ఆ రిజిస్టర్ గురించి తన పెద్దలు ఏం చెప్పారో అడిగి రాసుకోండి. నెట్ లేకపోయినా ఫోన్‌లో రికార్డింగ్ పనిచేస్తుంది.