కవర్ కడితే డీజిల్ మిగుల్తదా?

పికప్ బండి వెనక తొట్టికి కవర్ కడితే మైలేజీ పెరుగుతుందా లేదా అన్నది అమెరికాలో చాలా పాత పంచాయితీ. మన దగ్గరికి ఈమధ్యే యూట్యూబ్ మీదుగా వచ్చింది. నా జవాబు ముందే చెప్పేస్తా: పెరుగుతుంది. కానీ మన బండ్లకు, మన రోడ్ల మీద, పెరిగినదాంతో చాయ్ తాగొచ్చు, అంతే. కవర్ మాత్రం కొనాల్సిందే. అయితే డీజిల్ కోసం కాదు. దానికి డబ్బు పెట్టాల్సింది ఒక్క డ్రైవరే కూడా కాదు.

నాకెందుకీ గొడవ అంటే, మా చిన్నాయనకు బొలెరో పికప్ ఉంది. మా ఊరు పెబ్బేరు పక్కన. పత్తి, పల్లికాయ సీజన్‌లో ఒకరోజు వనపర్తి, ఒకరోజు గద్వాల, ఇంకోరోజు నాగర్‌కర్నూల్, కిరాయి ఎటు దొరికితే అటు. పోయినేడు ఒక వెల్డింగ్ షాపాయన పైపుల ఫ్రేము, దాని మీద రెక్సిన్ కవర్ బిగించి 14 వేలు తీసుకున్నాడు. "లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువిస్తది అన్నా, గాలి జారిపోతది" అన్నాడట. నెలనెలా కిస్తీ కట్టే మనిషికి 14 వేలు చిన్న మాట కాదు.

గాలి జారిపోతది అన్న మాటలో కొంత నిజం ఉంది. క్యాబిన్ మీదుగా వచ్చిన గాలి ఖాళీ తొట్టిలో పడి, వెనక తలుపుకు గుద్దుకుని బండిని వెనక్కి లాగుతుందని అందరం అనుకుంటాం. అసలు జరిగేది వేరు. తొట్టిలో గాలి అక్కడక్కడే సుడి తిరుగుతూ ఒక మెత్తలా నిలబడిపోతుంది. పై గాలిలో చాలాభాగం దాని మీదుగా దాటిపోతుంది. అంటే గాలే తనకు తాను సగం మూత వేసుకుంటుంది. అందుకే వెనక తలుపు దించి నడిపితే డీజిల్ మిగుల్తదన్న నమ్మకం తేలిపోయింది. 2005లో మిత్‌బస్టర్స్ టీవీ వాళ్లు ఒకే రకం ట్రక్కులు రెండింటిని నిండు ట్యాంకుతో నడిపారు. తలుపు దించిన బండే ముందు ఆగిపోయింది. మన ఫ్లూయిడ్ మెకానిక్స్ సార్ బోర్డు మీద గీసే సుడుల బొమ్మకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సగం మూత ముందే ఉంది కాబట్టి, నిజం మూత వేస్తే వచ్చే లాభం ఆ మిగిలిన సగంలోనే. ఎంతో లెక్క కడదాం. గాలి గుణకం 0.5, ముందు వైశాల్యం 3 చదరపు మీటర్లు, ఖాళీ బండి బరువు 1.7 టన్నులు, టైర్ల రాపిడి గుణకం 0.012 అనుకోండి. ఇవన్నీ నా అంచనాలే, కొంచెం అటూ ఇటూ చేసినా కథ మారదు. టైర్లు లాగే బలం దాదాపు 200 న్యూటన్లు. అది ఏ వేగంలోనైనా ఇంచుమించు అంతే. గాలి లాగే బలం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది: గంటకు 40 కిలోమీటర్ల దగ్గర 107, 80 దగ్గర 426 న్యూటన్లు. కవర్ వల్ల గాలి లాగుడు 5 శాతం తగ్గిందనుకుందాం. మొత్తం లాగుడులో తగ్గేది 40 దగ్గర 1.7 శాతం, 80 దగ్గర 3.4 శాతం. ఖాళీ బండి లీటరుకు 15 ఇస్తే, డీజిల్ 95 రూపాయలైతే, 100 కిలోమీటర్లకు మిగిలేది 11 రూపాయలు. హైవే మీద 80లో పోతే 22. ఇంజిన్ లోపలి రాపిడిని కూడా లెక్కేస్తే ఇంకా తక్కువే. ఆ 14 వేలు తిరిగి రావాలంటే ఊరి రోడ్ల మీద లక్షా 27 వేల కిలోమీటర్లు తిరగాలి. అంతవరకు రెక్సిన్ బతికుంటుందా?

ఇంకో సంగతి ఉంది. ఇవన్నీ ఖాళీ బండి లెక్కలు. పత్తి నింపిన పికప్ మీరు చూసే ఉంటారు, క్యాబిన్ కంటే ఎత్తుగా గుట్టలా ఉంటుంది. అప్పుడు మూయడానికి తొట్టే లేదు! కవర్ గాలి పని చేసేది యార్డులో దించి తిరిగొచ్చేటప్పుడు మాత్రమే. తిరుగు కిరాయి దొరికితే అదీ లేదు. అమెరికా వీడియోల్లో పికప్ అంటే సగం కారు, హైవే మీద ఖాళీగానే తిరుగుతుంది. మా చిన్నాయన బండి ఖాళీగా తిరిగితే ఇంట్లో పొయ్యి మీద కూడా ఖాళీనే.

అయినా ఆయన ఒప్పుకోడు. "కవర్ ఏసినంక ఒక కిలోమీటరు పెరిగింది రా, నీ లెక్క నీ దగ్గర పెట్టుకో" అంటాడు. ఆ వారమే టైర్లలో గాలి సరిచేయించాడు. ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాలకు పోయే ట్రిప్పులు ఆపి హైవే ట్రిప్పులు వేశాడు. ట్యాంకు నింపడం అన్నది కూడా ఒకసారి గన్ను ఆగేదాకా, ఇంకోసారి మూతి దాకా. నలభై లీటర్లలో ఒక లీటరు అటూ ఇటూ అయితే 2.5 శాతం తేడా అక్కడే వచ్చేసింది. మనం వెతుకుతున్న లాభం కంటే కొలతలో తప్పే పెద్దది. అదే రోడ్డు, అదే బరువు, పోను రాను రెండు దిక్కులా, కవర్‌తో నాలుగుసార్లు, లేకుండా నాలుగుసార్లు నడిపితే గానీ ఏమీ చెప్పలేం. మెకానికల్ వాళ్లు మినీ ప్రాజెక్టుగా చేయొచ్చు. ప్రతి ఏడూ అదే సోలార్ కుక్కర్ తిప్పి తిప్పి పెట్టేకంటే నయం.

నిజంగా డీజిల్ మిగలాలంటే? నలభైనాలుగు నంబరు హైవే మీద కొత్తకోట నుంచి బీచుపల్లి వంతెన దాకా 80కి బదులు 60లో పోతే, పై లెక్కలోనే ఖాళీ బండికి మొత్తం లాగుడు 626 నుంచి 440 న్యూటన్లకు దిగుతుంది. ముప్పై శాతం, ఉత్తపుణ్యానికి. ఇంకొకటి, పత్తి ఎక్కువ పట్టాలని క్యాబిన్ కంటే అడుగు ఎత్తు లేపి శాశ్వతంగా వెల్డింగ్ చేయించే ఇనుప జాలీ. దాని ముందు వైశాల్యం అర చదరపు మీటరు పెరిగిందనుకుంటే, 80 దగ్గర 70 న్యూటన్ల అదనపు లాగుడు. కవర్ మిగిల్చేది 21. ఒకే బండికి జాలీ లేపి కవర్ వేయడం అంటే మూడు పోసి ఒకటి ఏరుకోవడం. జాలీలో సందులుంటాయి కదా అంటారా, సరే, కొంత తగ్గించుకోండి. ఇక నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిక్కు పోయేవాళ్లకైతే ఈ చర్చే అనవసరం. నిండు బండి 3 టన్నులుంటే, వందకు అయిదు ఎక్కే వాలులో కొండ ఒక్కటే 1,470 న్యూటన్లు లాగుతుంది. అక్కడ గాలిని అడిగేవాడెవడు?

మరి కవర్ ఎందుకు కొనాలి? పత్తి కోసం. సీసీఐ పత్తి కొనేటప్పుడు తేమ 8 శాతం దాటితే ప్రతి శాతానికీ ధర కోస్తుంది, 12 దాటితే కొననే కొనదు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఒక శాతం తేమ పెరిగితే 81 రూపాయలు పోయినట్టే. బండిలో 12 క్వింటాళ్లుంటే 970 పైమాటే. దారిలో పది నిమిషాల వాన పడినా, యార్డు బయట లైన్లో రాత్రంతా మంచులో ఆగినా ఒక శాతం పెరగడం ఎంతసేపు? ఆ ఒక్క శాతం డబ్బుతో సమానంగా డీజిల్ మిగలాలంటే కవర్ వేసుకుని దాదాపు 9 వేల కిలోమీటర్లు తిరగాలి. పల్లికాయ తడిస్తే ఇంకా పాడు. బూజు పడుతుంది, అందులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్ విషం. దీనికి పైపుల ఫ్రేము అక్కర్లేదు. గట్టి తాడ్‌పత్రి, నాలుగు మోకులు చాలు. రెపరెపలాడకుండా బిగించి కడితే గాలికీ అదే మంచిది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. తడిస్తే పోయేది రైతు సొమ్ము. కవర్ కొనేది డ్రైవరు. డీజిల్ డ్రైవరు జేబులోంచి పోతుంది కాబట్టి, అమ్మేవాడు ఆయనకు మైలేజీ ఆశ చూపించి అమ్మాడు. "సరుకు తడవదు" అని అమ్మితే చిన్నాయన కొనేవాడే కాదు, ఆయనకేం లాభం? నేననేది, తాడ్‌పత్రి కిరాయిలో భాగం కావాలి. కవర్ కట్టిన బండికి ట్రిప్పుకు ఒక యాభై రూపాయలు ఎక్కువ మాట్లాడుకుంటే రైతుకు 970 కాపాడుకున్నట్టు, డ్రైవరుకు ఒక సీజన్‌లోనే తాడ్‌పత్రి ఖర్చు వెళ్లినట్టు.

ఇదే మాట చిన్నాయనతో అన్నాను. "నేను యాభై ఎక్కువడిగితే పక్కోడు యాభై తక్కువకు పోతడు రా" అన్నాడు. న్యూటన్లలో దానికి జవాబు లేదు. అడ్డా మీద పికప్ వాళ్లంతా ఒక్క రేటు మీద కూర్చోవాలి. ఈ పత్తి సీజన్ మొదలయ్యేలోపు మా పెబ్బేరు అడ్డాలో ఆ మాట ఎత్తుతానని మాత్రం ఒప్పుకున్నాడు.