స్టాంపు కాగితం పెళ్ళి కాదు

వంద రూపాయల స్టాంపు కాగితంపై ఇద్దరూ సంతకాలు చేసి, నోటరీ ముద్ర వేయించుకుంటే పెళ్ళి అయిపోయినట్లేనన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. అది పెళ్ళి కాదు. ఆ కాగితంతో భార్యాభర్తల హక్కులు రావు. రేపు భర్త కాదంటే, పింఛనుకో ఆస్తిలో వాటాకో రుజువు లేక వీధిన పడేది ఆడపిల్లే.

రిజిస్టరు పెళ్ళి అని జనం పిలిచేది నిజానికి రెండు రకాలు. ఆచారం ప్రకారం జరిగిన పెళ్ళిని 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవడం ఒకటి. మంత్రాలూ మేళాలూ లేకుండా అధికారి ఎదుటనే పెళ్ళాడడం రెండోది. దీనికి ఆధారం 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. కులమతాలు వేరైనా ఇది వర్తిస్తుంది. ఎవరూ మతం మార్చుకోనక్కరలేదు.

వరునికి 21, వధువుకు 18 ఏళ్ళు నిండాలి. ఇద్దరిలో ఎవరికీ బతికి ఉన్న భార్య గాని, భర్త గాని ఉండరాదు. ఇద్దరూ తెలివిడితో సమ్మతించాలి. నిషిద్ధ బంధుత్వం ఉండరాదు. మేనరికం ఆ జాబితాలో ఉన్నా, ఆచారం ఒప్పుకున్నచోట చట్టం అడ్డు చెప్పదు.

ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి ముందుగా నోటీసు ఇవ్వాలి. వయసుకు, నివాసానికి రుజువులు కావాలి. విడాకులు పొందినవారు కోర్టు డిక్రీని, భార్య లేక భర్త పోయినవారు మరణ ధ్రువపత్రాన్ని తీసుకువెళ్ళాలి. నోటీసును కార్యాలయంలో అంటిస్తారు. 30 రోజులు గడిచాక ముగ్గురు సాక్షుల ఎదుట, తమకు తెలిసిన భాషలో ఒకరినొకరు స్వీకరిస్తున్నట్లు చెప్పి సంతకాలు చేస్తే పెళ్ళి పూర్తయినట్లే. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోగా ఈ పని ముగియకపోతే మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ 30 రోజులే ప్రేమించుకున్న జంటలకు గండం. అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు గాని, పైన చెప్పిన షరతుల్లో ఏదో ఒకటి తప్పిందని చూపాలి. కులం వేరన్నది అభ్యంతరం కాదు. కన్నవారికి ఇష్టం లేదన్నదీ కాదు. పసలేని అభ్యంతరంతో అడ్డుపడినవారికి వెయ్యి రూపాయల వరకు ఖర్చులు విధించే అధికారం వివాహ అధికారికి ఉంది. యుక్తవయస్కులిద్దరూ ఇష్టపడితే కుటుంబం, కులపెద్దల అనుమతి అవసరం లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బెదిరింపులు వస్తే పోలీసులు రక్షణ కల్పించాలి.

నోటీసును కార్యాలయంలో అంటించమని చట్టం చెప్పింది గాని, పెద్దలకు కబురు పెట్టమని చెప్పలేదు. ఉత్సాహం కొద్దీ ఊరికి ఫోను చేసే సిబ్బంది ఒక జంట ప్రాణాల మీదికి తెస్తున్నామని గుర్తించాలి. రుసుము ఎంతో, కావలసిన కాగితాలేమిటో, గడువెంతో తెలుగులో రాసిన బోర్డు ప్రతి రిజిస్ట్రారు కార్యాలయం గుమ్మంలో ఉండాలి. అది లేనిచోటే దళారులు పుట్టుకొస్తారు. ఒక్క రోజులో పెళ్ళి చేయిస్తామనే వారి మాట నమ్మరాదు.

ఇష్టపడి పెళ్ళాడేవారికి చట్టం దారి చూపింది. ఆ దారి ఊరివారికి తెలిసేలా చేయవలసిన బాధ్యత అధికారులది.