రాగి బిళ్ళలూ, అలుగు లేని చెరువూ

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం మా అక్క ఇంటికి వెళ్ళాను. మేనల్లుడి గేమింగ్ ల్యాప్‌టాప్ అడుగు మూత ఊడి బోర్లా పడి ఉంది. పక్కన కాగితప్పొట్లంలో చిన్న చిన్న రాగి హీట్‌సింకులు, దువ్వెనను ముక్కలుగా విరిచినట్టు. "మామా, ఇవి అతికిస్తే పది డిగ్రీలు తగ్గుతుందంట" అన్నాడు. ల్యాప్‌టాప్‌కు "అంకోపరి" అని మనలో కొందరు ముచ్చటగా పేరు పెట్టుకున్నాం గానీ, అనంతపురం ఎండాకాలంలో దాన్ని అంకం మీద పెట్టుకోగల సాహసి ఎవరో నాకు తెలియదు.

వాడిది ఉత్త ఆటల పిచ్చి అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. అదే యంత్రం మీద త్రీడీ బొమ్మలు చేసి నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నాడు. దాన్ని కొన్న వాయిదాలు ఇంకా తీరలేదు. మార్చి దాటగానే యంత్రం నత్తనడక పడుతుంది, పని గడువు తప్పుతుంది, రాబడి పడిపోతుంది. వాన కోసం ఆకాశం వంక చూసిన ఇంట్లోనే ఇప్పుడు ఎండ తగ్గడం కోసం చూస్తున్నారు.

బిళ్ళలు అతికించాం. మొదటి నిమిషంలో అంకెలు కాస్త నెమ్మదిగా ఎక్కాయి. అరగంట గడిచేసరికి మళ్ళీ పాత చోటికే చేరాయి. వాడి ముఖం చిన్నబోయింది.

తప్పు రాగిది కాదు. ఉష్ణవాహకతలో రాగి విలువ సుమారు 400, అల్యూమినియానిది సుమారు 237. వేడిని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడంలో రాగికి సాటి వచ్చే చవక లోహం లేదు. అయితే చేర్చడం వేరు, వదిలించుకోవడం వేరు. ఒక్క చిన్న లెక్క చూడండి. 100 గ్రాముల రాగి 10 డిగ్రీలు వేడెక్కడానికి 385 జౌళ్ళు చాలు. 100 వాట్ల వేడి పుట్టించే యంత్రం ఆ పని నాలుగు సెకన్లలో ముగిస్తుంది. ఆ తరువాత ఆ రాగి కూడా వేడి ముద్దే.

మా సీమవాళ్ళకు చెరువు భాషలో చెబితే సులువుగా అర్థమవుతుంది. చెరువును లోతుగా తవ్వితే నిండడానికి ఇంకాసేపు పడుతుంది, అంతే. నిండాక వచ్చిన వరద పోవలసింది అలుగు మీదుగానే. ల్యాప్‌టాప్‌కు అలుగు దాని ఫ్యాను, రెక్కలు, వాటి గుండా పోయే గాలి. ఆ గాలి తగలని మూల ఎంత రాగి పేర్చినా చెరువు లోతు పెంచినట్టే. గాలి దారిలో పెట్టిన రాగి, లేదా హీట్‌సింకు అసలే లేని చిన్న చిప్పుల మీద పెట్టిన రాగి మాత్రం నిజంగా మేలు చేస్తుంది.

ఇక అసలు సంగతి గాలి. చాలా ప్రాసెసర్లు 95-100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. గది 25 డిగ్రీలుంటే, 95 వరకు 70 డిగ్రీల ఎడం దొరుకుతుంది. అదే గది 41 డిగ్రీలుంటే మిగిలేది 54. అంటే అదే ఫ్యాను, అదే రాగి ఇక్కడ మోయగల వేడి మూడొంతుల కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎన్ని బిళ్ళలు అతికించినా ఏ హీట్‌సింకూ తన చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబరచలేదు.

నా ఫిర్యాదు ఇక్కడే. చాలా ల్యాప్‌టాపుల వివరపత్రాల్లో పని చేయదగిన గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే అని చిన్న అక్షరాలతో ఉంటుంది. మా వేసవి మధ్యాహ్నం ఆ గీతను దాటాకే మొదలవుతుంది. వేరే ఊరివాడితో సమానంగా ధర కట్టిన మా కుర్రవాడికి మూడొంతుల యంత్రమే దక్కుతోంది. 40 డిగ్రీల గదిలో ఇది ఎంత పని చేస్తుందో పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేయమని అడగడం అత్యాశ కాదు. ఆ అంకె కనిపిస్తే రాగి బిళ్ళల అవసరమే చాలామందికి రాదు. కొనేముందే తెలుసుకుంటారు.

అంతవరకు చేయవలసినవి చిన్న పనులే. ఎర్రమట్టి దుమ్ము రెక్కల్లో పేరుకోకుండా రెండు మూడు నెలలకొకసారి శుభ్రం చేయాలి. వెనకభాగాన్ని ఎత్తి గాలికి దారి ఇవ్వాలి. ఎండిన థర్మల్ పేస్టు మార్చించాలి. ఫ్రేముల సంఖ్యకు హద్దు పెట్టాలి. బరువైన పనిని తెల్లవారుజాముకు వాయిదా వేయాలి. మా గాలి పొడిది కనుక నీళ్ళ కూలరు గదిని బాగానే చల్లబరుస్తుంది, తుంపర యంత్రం మీద పడకుండా చూసుకుంటే చాలు. ఆ నీళ్ళు ఎక్కడివన్నది మా జిల్లాలో ఎప్పుడూ ఉన్న ప్రశ్నే.

వారం తిరిగేసరికి జిగురు మెత్తబడి ఒక బిళ్ళ జారిపోయింది. రాగి వేడికే కాదు, కరెంటుకూ మంచి వాహకమే. అదృష్టవశాత్తు అది బోర్డు మీద కాక ఫ్యాను గూటిలో పడి టకటకమని చప్పుడు చేసింది కనుక బతికిపోయాం. మిగిలినవి ఊడదీసి వాడు మళ్ళీ పొట్లం కట్టాడు. ఇప్పుడు నాలుగింటికే లేచి పని చేసుకుంటున్నాడు. పొలానికి చల్లపూటే పోవాలని వాళ్ళ తాత ఎప్పుడూ చెప్పేవాడు. మనవడికి ఆ మాట ప్రాసెసరు నేర్పింది.