ఒక సీటీ స్కాన్ ఎన్ని ఎక్స్‌రేలు?

2021 మే 3న ఢిల్లీలో ఆరోగ్య శాఖ పత్రికా సమావేశంలో, అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా గారు ఒక మాట అన్నారు. స్వల్ప లక్షణాలున్న కోవిడ్ రోగులు సీటీ స్కాన్‌కు పరిగెత్తనక్కర్లేదు, ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలకు సమానం, చిన్న వయసులో పదేపదే తీయిస్తే ముందు ముందు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది అని. రేడియాలజిస్టుల జాతీయ సంఘం వెంటనే మండిపడింది. అది 30, 40 ఏళ్ల కిందటి లెక్క, ఇప్పటి యంత్రాలలో ఒక సీటీ 5 నుంచి 10 ఎక్స్‌రేలే అంది.

మన హేతువాద మిత్రులలో కూడా రెండు పార్టీలయ్యాయి. ఎయిమ్స్ డైరెక్టరే అన్నాడు కదా అని కొందరు. నిపుణుల సంఘం ఖండించింది కదా అని కొందరు. బాబాగారు సెలవిచ్చారు అనేవాడికీ వీళ్ళకీ తేడా నాకు కనిపించలేదు.

నేను చదివింది బీకాం. పనిచేసింది డిఫెన్స్ అకౌంట్స్‌లో. ఒకే ఐటమ్‌కు ఒకరు 400 అని, మరొకరు 5 అని వేస్తే మా సెక్షన్‌లో ముందు అడిగేది, మీ యూనిట్ ఏమిటి అని. ఇక్కడా అదే అడగాలి.

శరీరానికి చేరిన రేడియేషన్‌ను మిల్లీసీవర్టులలో కొలుస్తారు. నేల, ఆకాశం, గాలి, తిండి ద్వారా మనిషికి ఏటా ఎలాగూ చేరేది ప్రపంచ సగటున 2.4. ఛాతీ ఎక్స్‌రే ఎదురుగా ఒక్క ఫిల్ము తీస్తే 0.02, పక్క నుంచి కూడా తీస్తే రెండూ కలిపి 0.1. మామూలు ఛాతీ సీటీకి పుస్తకాలలో ఉండే సగటు 7. ఏడును 0.02తో భాగిస్తే 350. గులేరియా గారి అంకె వచ్చేసింది! బాగా తగ్గించిన డోసుతో తీసే సీటీ అర నుంచి ఒక మిల్లీసీవర్టు. దాన్ని 0.1తో భాగించండి. 5 నుంచి 10. సంఘం వారి అంకె కూడా వచ్చేసింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు పెద్ద లవానికి చిన్న హారం వేశారు, మరొకరు చిన్న లవానికి పెద్ద హారం వేశారు.

అసలు ప్రశ్న వేరే. మన గల్లీలో ఉన్న యంత్రం, ఆ రోజు, ఎంత డోసు ఇచ్చింది?

ఘజియాబాద్‌లో మా ఎదురింటి కుర్రాడికి అప్పుడు 19 ఏళ్లు. జ్వరం వచ్చి తగ్గింది, ఆక్సిజన్ 97కు తగ్గలేదు. ఇంట్లో భయంతో రెండు వారాలలో మూడు సీటీలు తీయించారు. 25కు 4, తర్వాత 6, తర్వాత 2 అని స్కోర్లు వచ్చాయి. పరీక్ష మార్కుల్లా అపార్ట్‌మెంట్ అంతా చెప్పుకున్నారు. మందు మాత్రం మూడుసార్లూ పారాసెటమాలే. లక్షణాలు లేని పాజిటివ్‌లలోనూ 30, 40 శాతం మందికి మచ్చలు కనిపిస్తాయని, అవి వైద్యం లేకుండానే పోతాయని గులేరియా గారు అదే సమావేశంలో చెప్పారు. నా దృష్టిలో ఆ రోజు అన్నిటికంటే ముఖ్యమైన మాట అది. దాని మీద ఎవరూ దెబ్బలాడలేదు.

కుర్రాడి సీడీలు అడిగి తెచ్చుకున్నాను. ప్రతి సీడీలోనూ డోస్ రిపోర్ట్ అని ఒక పేజీ ఉంది, అందులో డీఎల్‌పీ అనే అంకె ఉంది. 412, 398, 397. పెద్దవాళ్ళ ఛాతీకైతే దాన్ని 0.014తో గుణిస్తే సుమారుగా మిల్లీసీవర్టులు వస్తాయి. స్కాన్‌కు 5.6, మూడూ కలిపి దాదాపు 17. ప్రకృతి ఏడేళ్లలో ఇచ్చేది రెండు వారాలలో చేరింది. ఎక్స్‌రేలుగా మారుస్తే ఒక్కో స్కాన్ 56 అనవచ్చు, 280 అనీ అనవచ్చు. 5, 10 మాత్రం కాదు.

దీనికే హడలిపోనక్కర్లేదు. 2023లో నేచర్ మెడిసిన్‌లో యూరప్ అధ్యయనం ఒకటి వచ్చింది. తొమ్మిది దేశాలు, 22 ఏళ్ల లోపు వయసులో సీటీ తీయించుకున్న దాదాపు తొమ్మిదిన్నర లక్షల మంది. 10,000 మంది పిల్లలకు ఒక్కొక్క స్కాన్ తీస్తే, ఆ తర్వాత 5 నుంచి 12 ఏళ్లలో ఒకరిద్దరికి దాని వల్ల రక్త క్యాన్సర్ రావచ్చని తేల్చారు. 2025 ఏప్రిల్‌లో రెబెకా స్మిత్-బైండ్‌మన్ బృందం జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో మరో లెక్క వేసింది. 2023లో అమెరికాలో తీసిన 9.3 కోట్ల సీటీల వల్ల మున్ముందు సుమారు 1,03,000 క్యాన్సర్లు. అంటే 900 స్కాన్లకు ఒకటి. ఇది నమూనా మీద కట్టిన అంచనా, కళ్లతో చూసి లెక్కపెట్టింది కాదు అని అక్కడి రేడియాలజిస్టులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమే. యూరప్ లెక్క మాత్రం నిజంగా జబ్బుపడ్డవాళ్ళను లెక్కపెట్టి కట్టింది.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి 900లో ఒకటి అనేది లెక్కలోకే రాదు, వెంటనే తీయాల్సిందే. వైద్యం ఏమీ మారని స్కాన్‌కు ఖర్చు ఖాతా ఉంది, జమ ఖాతా ఖాళీ. ఒక్కడికి ముప్పు చిన్నదే. కోట్ల మందికి తీస్తే మాత్రం చిన్నది కాదు.

నేను కోరేది ఒకటే. నేను చూసిన సీటీ రిపోర్టులలో రోగి పేరు, వయసు, డాక్టరు డిగ్రీలు అన్నీ ఉంటాయి, డోసు ఉండదు. యంత్రం ఎలాగూ లెక్కగట్టి పెట్టిన అంకె అది. రిపోర్టు కింద ఒక లైను అచ్చు వేయడానికి ఖర్చేమీ లేదు. ఈ మధ్య ఒక సెంటర్లో నా స్కాన్ రిపోర్టు మీద ఆ అంకె వేసివ్వమని అడిగాను. కౌంటర్‌లో అమ్మాయి లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, "అంకుల్‌జీ, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, ఆ కాలమ్ లేదు" అంది.